గల్లాపెట్టెలో ఇంటి చెయ్యి

చిలమత్తూరులో కొత్తగా కిరాణా కొట్టు పెట్టారనుకుందాం. పొద్దుగూకేసరికి గల్లాపెట్టెలో నాలుగు వేలు కనబడతాయి. అందులో మూడు వేల పైచిలుకు రేపు హిందూపురం నుంచి తెచ్చుకోవాల్సిన సరుకుది. కూరగాయలకని వంద, బిడ్డ ఫీజుకని ఐదొందలు తీస్తూ పోతే నెల తిరిగేసరికి అరలు బోసిపోతాయి. మీకు మీరే జీతం కట్టుకోండి. అంతకు మించి ఇంటి చెయ్యి పెట్టెలో పడనీయకండి.

మనది వాన కోసం ఎదురుచూసే సీమ. వేరుశెనగ చేతికొచ్చాక ఇస్తామని కొనేవాళ్లు అరువడిగితే కాదనలేం. కానీ ఆ అరువుకు హద్దు గీసుకుని, తారీకు వేసి రాసుకోండి.

పెట్టుబడికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి నూటికి 36 రూపాయలు. ముందు బ్యాంకులో అడగండి. 2015లో మొదలైన ముద్ర పథకంలో 'శిశు' రుణం 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండానే ఇస్తారు. వెళ్లేటప్పుడు మీ లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్లండి.