బిడ్డ కూర ముట్టడం లేదంటే

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున మాట్లాడినది)



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇందాకే చదివారు. మేము ఇంకో లెక్క చెప్తాం. పోయిన ఏడు అంగన్‌వాడీ టీచరమ్మ మా సమావేశానికి రంగుల టేపు తెచ్చి పిల్లల జబ్బలు కొలిచింది. 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ, బాగున్నట్టు. అంతకు తక్కువైతే పసుపు, బిడ్డ తగ్గిపోతున్నట్టు. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు, ఇక ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

మా సభ్యురాలి రెండేళ్ల పాపకి పసుపు వచ్చింది. ఒక్క కిస్తీ కూడా తప్పని మనిషి ఆమె. "కూర పెడితే ఉమ్మేస్తుందండీ, నేనేం చెయ్యను" అని అక్కడే ఏడ్చేసింది.

ఆ రోజు అందరం కూర్చుని, పాప పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తింటుందో కాగితం మీద రాశాం. పొద్దున టీలో బిస్కెట్లు. అమ్మ మిరప కోతకి వెళ్లాక పది రూపాయల ప్యాకెట్టు. మధ్యాహ్నం రెండు ముద్దల పెరుగన్నం. ఏడిస్తే పాలసీసా. అమ్మ అలిసిపోయి వచ్చి, వండి, రాత్రి ఎనిమిదింటికి కూరముద్ద నోట్లో పెడితే నిద్రకళ్ల మీదున్న పిల్ల ఎందుకు తింటుంది? కడుపులో చోటేదీ? రోజుకి పది అంటే నెలకి మూడు వందలు. మా నెల పొదుపు రెండు వందలే! నవ్వకండి, మేమందరం ఇంటికెళ్లి లెక్క చూసుకుంటే ఎవరిదీ తక్కువ లేదు.

నాయనమ్మని ఎవరం ఏమీ అనలేదు. పొద్దస్తమానం పిల్లని మోసేది ఆవిడే కదా. ఆవిణ్ణే సమావేశానికి పిలిచాం. ఆ ప్యాకెట్టు డబ్బుల్లో గుడ్డు కొనిపెట్టమన్నాం. టీ మాన్పించాం, టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పాలు మంచివే, కానీ రోజుకి అరలీటరు దాటితే ఆకలి చచ్చిపోతుంది, సీసా మాని గ్లాసులో పట్టమన్నాం.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. ఎలాగైనా తినిపించాలని మొదటి వారం చేతులు పట్టుకుని, నోరు తెరిచి కుక్కమని మేమే సలహా ఇచ్చాం. దాంతో పాప గిన్నె చూస్తేనే పరుగు. తర్వాత ఏఎన్‌ఎం అమ్మ వివరంగా చెప్పింది. ఏడాది దాటాక ఎదుగుదల వేగం తగ్గుతుంది, దాంతో ఆకలీ తగ్గుతుంది, అది మొండితనం కాదు. కొత్త రుచి అలవాటు కావాలంటే పది, పదిహేనుసార్లు పెట్టాల్సి రావచ్చు. మనం రెండోసారికే "మా పిల్ల కూర తినదు" అని పిల్ల ముందే అంటాం. ఉమ్మితే ఊరుకుని, రెండు రోజులాగి మళ్లీ గోరంత పెట్టాలి.

అప్పటి నుంచి పాపకి వేరే పళ్లెం ఇచ్చి మనతోపాటు కూర్చోబెట్టమన్నాం. ఒళ్లంతా పూసుకుంటే పూసుకోనీ, కడుక్కోవచ్చు. తోటకూర పప్పు కారం లేకుండా ముందే కొంచెం తీసి, మెత్తగా మెదిపి, చెంచాడు నూనె కలపాలి. నూనె లేకపోతే ఆకుకూరలో ఉన్న ఏ విటమిన్ ఒంటికి సరిగా అందదు. దించాక రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. గుమ్మడికాయ తియ్యగా ఉంటుంది, పిల్లలు త్వరగా ఒప్పుకుంటారు. మునగాకు నీడన ఎండబెట్టి పొడి చేసి దోసెల పిండిలో చిటికెడు కలుపుతున్నాం. అన్నీ ఇలా దాచిపెట్టడం మాత్రం మాకు నచ్చలేదు, పిల్లకి కూర కంటికి కనబడాలి కదా. తోటకూర తుంచే పని పాపకిచ్చాం. తుంచింది తక్కువ, పారేసింది ఎక్కువ. కానీ తను తుంచిన ఆకు గనక నోట్లో పెట్టుకుంది. పచ్చి క్యారెట్ ముక్కలు, వేరుశనగ గుళ్లు మాత్రం ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. క్యారెట్ ఉడికించి మెదపండి.

తిండి ఒక్కటే చాలదు. తొమ్మిదో నెల నుంచి అయిదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి ఏ విటమిన్ చుక్కలు, వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్, ఏడాది దాటాక నులిపురుగుల మందు వేయించాలి. ఇవన్నీ ఉచితమే, కార్డు చూసి అడగండి. బిడ్డ మట్టి తింటున్నా, పాదాలు వాచినా, బరువు పెరగకపోయినా ఇంటి చిట్కాలు పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాలుగు నెలలకి పాప టేపు ఆకుపచ్చలోకి వచ్చింది. కాకరకాయ ఇప్పటికీ ముట్టదు, మాలో సగం మందిమీ ముట్టం. పోయిన నెల ఇంకో ఇంట్లో పసుపు వచ్చింది, ఈసారి బాబు. ఆ నాయనమ్మ దగ్గరికి మన పాప నాయనమ్మే వెళ్తానంది. వచ్చే నెల సమావేశాలకి అయిదేళ్లలోపు పిల్లల్ని కూడా తీసుకురండి. టేపు తెస్తానని టీచరమ్మ మాటిచ్చింది.