గోదావరి లోయ గర్భమున పొగకు చోటున్నదా?



గ్రంథాలయ రజతోత్సవమున పొగను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ గ్రామమున ఏ మిద్దె యెక్కినను రామగుండము పొగగొట్టములు కానవచ్చును. వానినుండి వెలువడు బొగ్గుపులుసు వాయువును, అనగా కార్బన్ డయాక్సైడును, పట్టి మరల భూమిలో దాచవచ్చునా అను ప్రశ్న నేడు శాస్త్రజ్ఞుల యెదుట నున్నది. దాచవలసినచో ముందుగా పరీక్షింపవలసినది మన కాళ్లక్రింది నేలనే.

ప్రాణహిత-గోదావరి లోయ నది త్రవ్వుకొన్న సామాన్యపు లోయ కాదు. కోట్ల సంవత్సరములకు పూర్వము భూమి ఇరుప్రక్కల బీటలువారి, నడిమి భాగము క్రుంగినది. ఆ పల్లమును నదులు ఇసుకతో, బురదతో, అడవుల శిథిలములతో పొరలు పొరలుగా నింపినవి. అడవులు బొగ్గైనవి, ఇసుక రాయి యైనది. విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1881లోనే ఈ లోయను గూర్చి గ్రంథము వెలువరించినాడు. యామన్‌పల్లి వద్ద దొరికిన కోటసారస్ అను రాక్షసిబల్లి అస్థిపంజరము ఈ పొరల సొత్తే. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున దానిని చూచి వచ్చిన మన పిల్లలు, అది మన పొరుగువాడని యెరుగరు!

ఇక నిల్వ సంగతి. గోళీసోడాను తలచుకొనుడు. అందలి వాయువు ఇదియే. గోళీని లోపలినుండి నొక్కి మూత బిగించునదియు ఆ వాయువే. భూమిలో సీసా ఇసుకరాయి. దానిపై పరచుకొన్న, నీరు చొరని బంకమట్టి రాయి గోళీ. లోతు 800 మీటర్లకు మించినచో ఒత్తిడిచే వాయువు ద్రవమువలె చిక్కబడి, నేలపై 1000 గదులు నింపునది మూడు నాలుగు గదులలో ఇముడును. అయితే రాతిలో ఖాళీ గదులుండవు. ఇసుక రేణువుల సందులలో నీరుండును. ఆ నీరు త్రాగుటకు గాని సేద్యమునకు గాని పనికిరాని ఉప్పునీరై యుండవలెను.

మన చిక్కు ఇచ్చటనే యున్నది. ఇక్కడి కామ్తీ ఇసుకరాయి మందమైనది, సందులు గలది. దూరమున కూర్చుండి పటము చూచువాడు దానిని చక్కని గాదె యనును. కాని మన బోరుబావులకు నీరిచ్చునదియు ఆ రాయియే. మంచినీరెంత లోతువరకున్నదో, ఉప్పునీరెచ్చట మొదలగునో తేల్చక ఇన్ని టన్నులు పట్టుననుట, అడుగున చిల్లు చూడక గాదెలో పుట్ల లెక్క చెప్పుటయే.

పైగా లోయ నిండ బీటలు. గనులలో పనిచేసిన సోదరులకు ఇది నేను చెప్పనక్కరలేదు. బొగ్గుపొర సాగి సాగి హఠాత్తుగా తెగిపోవును. మరియొక మట్టమున కనబడును. ఆ బీట బిగిసియున్నదా, వాయువునకు దారి యిచ్చునా యని ఒక్కొక్కదానిని శోధింపవలెను. బొగ్గు వెదకుటకు వేసిన బోరు రంధ్రములు వేలకొలది కలవు. అవి సరిగా పూడినవో లేవో అదియు చూడవలెను. బొగ్గుపొరలోనే వాయువును ఇముడ్చవచ్చును గాని, ఆ బొగ్గును మరల త్రవ్వరాదు.

నార్వేవారు 1996లో ఉత్తర సముద్రగర్భమున స్లైప్నర్ వద్ద ఈ పని ఆరంభించి, ఏటికి సుమారు 10 లక్షల టన్నుల వరకు దించగలిగినారు. అల్జీరియాలో ఇన్ సలా వద్ద 2004లో మొదలైన పని, పైకప్పు రాతి నిలుకడపై సందేహము కలుగుటచే 2011లో ఆగినది. మన రామగుండములోని 2600 మెగావాట్ల కేంద్రమొక్కటియే ఏటా విడుచునది కోటి టన్నులకు పైబడును. పటముపై చోటు చూపుట వేరు, ఏటేట ఇంత బరువు దించుట వేరు.

పరీక్షయే వలదనువారితో నేను ఏకీభవింపను. ఈ లోయ బొగ్గు వేల కుటుంబములకు అన్నము పెట్టినది. దాని పొగ బాధ్యతను కాదనలేము. కాని పరీక్షకు ముందే మన బావుల లెక్క మనయొద్ద ఉండవలెను. రేపు నీరు మారినచో, నిన్న ఎట్లుండెనో చెప్పు కాగితము లేక ఎవరితో వాదింతుము? ఏ బోరులో నీరెంత లోతున నున్నదో, అందు ఉప్పెంతయో వ్రాయుటకు ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము తెరువుడని కార్యవర్గమును కోరుచున్నాను. ఉప్పు కొలుచు చిన్న యంత్రమును మన పాఠశాల విద్యార్థులే వాడగలరు. వేసవిలో నొకమారు, వానలు వెలిసిన పిదప నొకమారు వ్రాసిన చాలును.