అరువుదెచ్చిన ముఖము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ శుభవేళ భారతమునో, ప్రబంధమునో గూర్చి నేను ప్రసంగింతునని మీరు తలచియుందురు. నేడు మాత్రము నైజీరియా దేశపు నవల యొకదానిని మీ ముందుంచ దలచితిని. దాని పేరు ‘గ్రేస్‌ల్యాండ్’. రచయిత క్రిస్ అబాని. ఆంగ్లమున 2004లో వెలువడి, మరుసటియేట హెమింగ్వే-పెన్ పురస్కారము నందినది.

కథానాయకుడు ఎల్విస్ ఓకే, 16 ఏండ్ల బాలుడు. 1983లో లాగోస్ నగరమున, మరోకో అను బురదనేల మురికివాడలో అతని నివాసము. 1977లో మరణించిన అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వేషము కట్టి పొట్టపోసికొన జూచును. తలకు విగ్గు, నల్లని ముఖమునకు తెల్లని పౌడరు! సముద్రతీరమున విదేశీయుల యెదుట ఆడును. వారిచ్చు చిల్లరతో జీవనము సాగదు. ఇంటికి వచ్చిన, పని చూచుకొనవేమని తండ్రి దూషించును. ఆ తండ్రియో, ఒకప్పుడు విద్యాశాఖాధికారి. ఎన్నికలలో ఓడి, ఇప్పుడు మద్యమునకు దాసుడు.

శృంగారానుకరణమునుండి హాస్యమును, రౌద్రమునుండి కరుణమును పుట్టునని భరతముని నాట్యశాస్త్రమున చెప్పినాడు. ఈ నవల నడచినది ఆ రెండు మెట్లమీదనే. మొదట మనము నవ్వుదుము. పిదప ఆ వేషమునకు మూలమేమో తెలియును. బాలుని తల్లి బియాట్రిస్‌కు ప్రెస్లీ పాటలన్న ప్రాణము. కుమారునకు ఆ పేరు వచ్చుటకు అదియే కారణము. ఆమె కాన్సరు వ్యాధితో, వాని పసితనముననే కన్నుమూసినది. వంటల విధములు, మూలికల గుణములు వ్రాసికొన్న ఆమె నోటుపుస్తకమే వానికి మిగిలిన ఆస్తి. అనగా, వాడు అనుకరించినది అమెరికా గాయకుని గాదు, తల్లి సంతోషమును. ఇది గ్రహించినంతనే మన నవ్వు మనకే సిగ్గు గొల్పును.

మన పగటివేషగాడు వేషము విప్పి, నిజరూపముతో ముంగిట నిలిచి సంభావన నడుగును. ఎల్విస్‌కు ఆ భాగ్యము లేదు. వేషము విప్పినచో వాడు ఎవ్వడును గాడు!

పిమ్మట రౌద్రము. ప్రభుత్వము మరోకోను కూల్పించును. దానిని ఎదిరించి తండ్రి ప్రాణము గోల్పోవును. ఇది కల్పన యని త్రోసివేయరాదు. నిజమైన మరోకోను 1990 జూలైలో నేలమట్టము గావించిరి. సుమారు 3 లక్షలమంది నిరాశ్రయులైరి. లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఒక సంగతి తెలియును: దస్త్రమున పేరు లేని గుడిసె, అధికారి కంటికి లేనట్లే.

తుదకు రిడెంప్షన్ అను మిత్రుడు తన పాస్‌పోర్టు నిచ్చి ఎల్విస్‌ను అమెరికాకు సాగనంపును. విమానాశ్రయమున ఆ పేరు పిలువగా, వాడు తానే యని పలుకును. ‘విమోచనము’ అని ఆ పేరునకు అర్థము. విమోచనము కూడ అరువు సొత్తే యగుట ఈ నవలలోని కడపటి చేదునవ్వు.

ద్వితీయార్ధమున ఘోరములు ఒకదానిపై నొకటి పడుటచే పఠితకు ఊపిరి సలుపదు. అది కొంత దోషమని నా మతము. అయినను పుస్తకము మూసిన పిదప మరపునకు వచ్చునది గాదు.

ఈ కథకును మన రజతోత్సవమునకును సంబంధమేమందురా? ఎల్విస్ గొప్ప చదువరి. విమానము కొరకు వేచియున్నప్పుడును వాని చేత జేమ్స్ బాల్డ్విన్ కథల సంపుటి యున్నది. పేరు అరువుదే, పాస్‌పోర్టు అరువుదే. చదివిన చదువు మాత్రము వాని స్వంతము.

ఈ నవల ముగించిన రాత్రి మన గ్రంథాలయ సభ్యుల పట్టీ తెరచి, ఊరి వెలుపలి గుడిసెలవారి పేర్లెన్ని యున్నవో లెక్కించితిని. ఆ లెక్క నిచట చెప్పుటకు నాకు నోరు రాలేదు. కార్యవర్గమువారు రేపు ఆ పట్టీని ఒక్కమారు తెరచి చూడవలెనని నా ప్రార్థన. ఆ పేర్లు వ్రాయు పనికి నా కలము సిద్ధము.

సెలవు.