ట్రాక్టరుకు కంప్రెషరు ఎక్కడ బిగించాలి?



నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే మా బాన్సువాడ ప్రాంతంలో ట్రాక్టర్లకు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా తీరిక ఉండదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీరా నీటిని బీర్కూరు, వర్ని, కోటగిరి వైపు పొలాలకు అందించింది. ఆ రోజుల్లో దమ్ము చేసినవి ఎడ్లు, దున్నపోతులు. ఎద్దు కాలికి ముల్లు దిగితే గట్టు మీద నిలబెట్టి, కాలు పట్టుకుని తీసేవారు. పని మళ్లీ సాగేది. ఈనాడు ట్రాక్టరు టైరుకు ముల్లు దిగితే సంగతి వేరు. నారు పీకి కట్టలు కట్టి ఉంటుంది. నాటు వేసే ఆడవాళ్లు గట్టు మీద ఎదురు చూస్తుంటారు. గాలి కొట్టే దుకాణమేమో ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది.

అందుకే చాలామంది రైతులు ట్రాక్టరుకే చిన్న గాలి కంప్రెషరు బిగించుకుంటున్నారు. బోరుబావిలో నీళ్లు తోడే కంప్రెషరు గాని, బావిలో బండ తొలిచే పెద్ద కంప్రెషరు గాని కాదు నేను చెప్పేది. టైర్లకు గాలి కొట్టుకునే చిన్నదాని సంగతి. దాన్ని కొనేటప్పుడు ధర చూస్తాము, కంపెనీ చూస్తాము. బిగించే చోటును మాత్రం మెకానిక్కుకు వదిలేస్తాము. అసలు తిప్పలు అక్కడే మొదలవుతాయి.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం మా క్లస్టరులోని ఒక రైతు, "సారూ, కంప్రెషరు తెచ్చిన. యాడ బిగించాలె?" అని అడిగాడు. నేను బోనెట్టు ఎత్తి చూశాను. ఇంజను పక్కన, సైలెన్సరు వైపు, కొలిచి పెట్టినట్టు ఖాళీ కనిపించింది. "ఇక్కడ జాగా ఉంది గదా" అన్నాను. అట్లే బిగించారు. వానాకాలం బాగానే గడిచింది. యాసంగి కోతలకు వచ్చేసరికి ఎండ నలభై డిగ్రీలు దాటింది. ఒకనాటి సాయంత్రం ఒడ్లు నింపిన ట్రాలీ పొలంలో ఉండగా టైరు కూర్చున్నది. పడమట మబ్బు లేచింది. కంప్రెషరు తిరుగుతున్నది గాని గాలి రావడం లేదు. చూస్తే సైలెన్సరు వేడికి రబ్బరు పైపు పెళుసెక్కి చీలి ఉన్నది. దుకాణం నుంచి మనిషి వచ్చేలోగా వాన వచ్చింది. ఒడ్లు తడిశాయి. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆనాడు నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే. ట్రాక్టరు మీద ఖాళీగా ఉన్న చోటంతా కంప్రెషరుకు తగిన చోటు కాదు. చాలా చోట్లను కంపెనీవారు ఏదో కారణంతోనే ఖాళీగా వదిలిపెట్టారు.

మొదటి శత్రువు వేడి. గాలిని నొక్కితేనే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం కాలడం మీరు చూసిందే. కంప్రెషరు గాలిని ఏడు, ఎనిమిది రెట్లు నొక్కితే తలభాగంలో వేడి లెక్క ప్రకారం 200 డిగ్రీలు దాటుతుంది. దానికి సైలెన్సరు వేడి కూడా తోడైతే వాల్వులు, పైపులు ఎట్లా నిలుస్తాయి? ఇంకొక నష్టం కూడా ఉన్నది. వేడిగాలి పలుచన. 30 డిగ్రీల గాలి పీల్చవలసిన కంప్రెషరు 60 డిగ్రీల గాలి పీల్చితే లోపలికి పోయే గాలి దాదాపు పదోవంతు తగ్గుతుంది. కనుక సైలెన్సరుకు ఎదురు వైపు చూడండి. రేడియేటరు ముందు మాత్రం పెట్టవద్దు. అక్కడ చల్లగా ఉంటుంది నిజమే, కాని ఇంజనుకు పోవలసిన గాలికి అడ్డుపడి ఇంజనునే వేడెక్కిస్తుంది.

రెండవ శత్రువు బురద, దుమ్ము. కేజ్‌వీల్స్ తగిలించి దమ్ము చేస్తే బురద ఎక్కడెక్కడికి ఎగురుతుందో మీకు తెలుసు. కోతల్లో వరి దుమ్ము సంగతి సరేసరి. ఇక్కడ మీకొక చిన్న ఉపాయం చెబుతాను. కంప్రెషరు బిగించే ముందు, ఒకరోజు దమ్ము చేసి వచ్చిన ట్రాక్టరును వెంటనే కడగవద్దు. బురద ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు అని చుట్టూ తిరిగి చూడండి. బురదే మీకు పటం గీసి చూపుతుంది. అట్లాగే గంటసేపు పని చేసిన తరువాత, మీరనుకున్న చోట ఇనుము మీద నాలుగు నీటిచుక్కలు చల్లండి. చుయ్యిమంటే ఆ చోటు వదిలేయండి. గాలి పీల్చే ఫిల్టరు మాత్రం వీలైనంత ఎత్తులో ఉండాలి. కంప్రెషరు కింద ఉన్నా, పైపు వేసి ఫిల్టరును పైకి తెచ్చుకోవచ్చు.

మూడవది గట్టితనం. బెల్టుతో తిరిగే కంప్రెషరు అయితే బ్రాకెట్టును ఇంజనుకు కంపెనీవారు ఇచ్చిన బోల్టు రంధ్రాలకే బిగించాలి. ఇంజను ఒక ఊపు, బ్రాకెట్టు ఇంకొక ఊపు ఊగితే బెల్టు నిలవదు. రెండు పుల్లీలు ఒకే వరుసలో ఉన్నవో లేదో దారం పట్టి చూడండి. బిగువు మరీ ఎక్కువైతే బేరింగు పోతుంది, తక్కువైతే బెల్టు జారుతుంది. గేరుబాక్సుకు, ముందు యాక్సిలుకు కొత్తగా రంధ్రాలు పొడవనివ్వవద్దు. వెల్డింగు తప్పనిసరి అయితే ముందు బ్యాటరీ తీగలు ఊడదీయండి. నూనె పోసే రకమైతే కంప్రెషరు చదునుగా కూర్చోవాలి. ట్రాక్టరు గ్యారంటీలో ఉంటే ముందుగా డీలరును అడగడం మంచిది.

నాల్గవది కరెంటు తీగ. ఇది బ్యాటరీతో నడిచే కంప్రెషరుకు సంబంధించిన మాట. దీన్ని సీటు పక్కన, మడ్‌గార్డు లోపలివైపు ఎత్తులో ఒక పెట్టెలో పెట్టుకోవచ్చు. పెట్టెకు గాలి ఆడే రంధ్రాలు ఉండాలి. చల్లగా, పొడిగా, చేతికి అందేట్టు ఉంటుంది. కాని చాలా ట్రాక్టర్లలో బ్యాటరీ ముందుభాగంలో ఉంటుంది. నాలుగు మీటర్ల దూరమైతే పోను రాను ఎనిమిది మీటర్ల తీగ. మోటారు 30 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే ఒకటిన్నర వోల్టుకు పైగా తీగలోనే పోతుంది. తీగ వేడెక్కుతుంది, మోటారు మూలుగుతుంది. పది చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది అర వోల్టు లోపే. ఫ్యూజును మోటారు దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర పెట్టాలి. బ్యాటరీ ఉన్న మూసిన పెట్టెలోనే మోటారును పెట్టవద్దు. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు వచ్చే వాయువుకు నిప్పురవ్వ తగిలితే ప్రమాదం.

అయిదవది చేయి అందడం. ఫిల్టరు విప్పడానికి, నూనె చూడడానికి, టాంకీలో చేరిన నీళ్లు వదలడానికి చేయి పట్టకపోతే ఆ పని ఎవరూ చేయరు. టాంకీ అడుగున నీళ్లు వదిలే కొళాయి అన్నిటికన్నా కింద ఉండాలి. వానాకాలంలో రోజూ తిప్పండి. లేకుంటే టాంకీ లోపలి నుంచే తుప్పు తింటుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం డక్ అనే బండిని వాడింది. అది నేల మీదా నడిచేది, నీటిలోనూ ఈదేది. డ్రైవరు సీటులో కూర్చునే ఇసుకలో టైర్ల గాలి తగ్గించి, రోడ్డు ఎక్కగానే పెంచుకునేవాడు. మనకు అంత ఏర్పాటు అక్కరలేదు. కాని గాలిని నేలను బట్టి మార్చుకోవాలన్న సూత్రం మనకూ పనికివస్తుంది. పొలంలో గాలి తక్కువగా ఉంటే నేల తక్కువ అణుగుతుంది. రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు కొంత ఎక్కువ ఉండాలి. ఎంత అన్నది మీ ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది.

చివరగా ప్రాణం సంగతి. ట్రాక్టరు వెనుక పెద్ద టైరు పుచ్చుకునే గాలి సాధారణంగా పదిహేను పౌండ్లకు అటూ ఇటూ. కంప్రెషరు టాంకీలో నూరు పౌండ్లు ఉండవచ్చు. మీటరు లేకుండా అందాజా మీద కొట్టితే టైరు పేలవచ్చు. కొట్టేటప్పుడు టైరు పక్క ముఖానికి ఎదురుగా నిలబడవద్దు. టాంకీకి సేఫ్టీ వాల్వు లేకుంటే ఆ కంప్రెషరు కొననే వద్దు. బెల్టుకు జాలీ మూత పెట్టించండి. భుజం మీది తువ్వాల, చీరకొంగు, పిల్లవాడి చేయి బెల్టులో పడడానికి క్షణం చాలు.

మరొకసారి చెబుతాను. చల్లని చోటు, పొడి చోటు, గట్టి చోటు, తీగకు బెల్టుకు అనువైన చోటు, చేయి అందే చోటు. బోల్టు బిగించే ముందు కంప్రెషరును అక్కడ తాడుతో కట్టి, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, బోనెట్టు ఎత్తి దించి చూడండి. ఎక్కడా తగలకుంటేనే బోల్టు పట్టండి.

ఆ రైతు కంప్రెషరును మరుసటి వారమే ఇంజను రెండో వైపుకు మార్పించాము. ఈసారి నేను దగ్గరుండి నీటిచుక్కలు చల్లి చూశాను. ఇప్పటికీ పని చేస్తున్నది. మొన్న దమ్ముల్లో పక్క పొలం ట్రాక్టరుకు కూడా దానితోనే గాలి కొట్టారు.