నాగార్జునకొండ ద్వీపయాత్ర



గ్రీకుదేశమున డేలోసు అను చిన్న ద్వీపము కలదు. దాని విస్తీర్ణము రెండు చదరపు మైళ్లైనను లేదు. అపొల్లో దేవుడు అచ్చట జన్మించెనని గ్రీకులు నమ్మిరి. క్రీ. పూ. 426లో ఏథెన్సువారు ఆ భూమిపై జననముగాని మరణముగాని జరుగరాదని కట్టడి చేసిరి. నేడు శిథిలములే దాని సంపద. యాత్రికులు పొరుగుననున్న మికొనోసునుండి పడవపై పోయి, చీకటిపడకమునుపే తిరిగి రావలెను. ఇది గ్రంథములలో చదివిన సంగతియే. ఆ సముద్రమును చూచు యోగము నాకు లేదు. కాని బొల్లాపల్లివాడనైన నాకు అట్టి ద్వీపమొకటి మన పల్నాటిలోనే కలదు.

మాచర్ల మీదుగా విజయపురి సౌతు చేరి లాంచి యెక్కితిని. ఇంచుమించు గంట ప్రయాణము. పిల్లలు గాలికి కేరింతలు కొట్టుచుండిరి. నా చూపు మాత్రము నీటిమీదనే యుండెను. ఏలయన, ఇది ప్రకృతి చేసిన ద్వీపము కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. కృష్ణ నిండగా, లోయలోని పుల్లారెడ్డిగూడెము మొదలగు పల్లెలును, ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురియు నీటిపాలైనవి. కొండనెత్తి మాత్రము మిగిలి ద్వీపమైనది. లాంచి పోవుచున్నది ఒకనాటి వీధులమీదుగా నని తలచినప్పుడు ఒడలు జలదరించినది.

ఆ నగరపు జాడ చెప్పినవాడు ఒక బడిపంతులు. ఈ మాట చెప్పునప్పుడు నాకు కొంత గర్వము కలుగుట సహజమే గదా! 1926లో సూరపరాజు వేంకటరామయ్యగారు లోయలో ప్రాచీనస్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసిరి. ఆ రాతిని అంతకుముందు చూచినవారు లేకపోలేదు. అది చెప్పదగిన సంగతియని ఆయనకే తోచినది. పిమ్మట లాంగుహర్స్టుగారును, రామచంద్రన్‌గారును త్రవ్వకములు సాగించిరి. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణమున, నీరు వచ్చులోపల ముగింపవలెనను తొందరలో, లోయనంతయు గాలించిరి. తొమ్మిది కట్టడములను విప్పి తెచ్చి కొండపై మరల నిలిపిరి. డేలోసులో రాళ్లు తమ చోటనే యున్నవి. ఇచ్చటి రాళ్లు వలసవచ్చినవి. చూడబోవువారు ఈ భేదము మరువరాదు.

క్రీ. శ. మూడవ శతాబ్దిలో నేలిన వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసినవాడు. ఆయన తోబుట్టువు చాంతిశ్రీయో, బుద్ధభగవానునికి మహాచైత్యము కట్టించినది. ఒక యింట యజ్ఞవేదియు, స్తూపమును! నాడు వారికది వింతగా తోచినట్లు శాసనములలో నెచ్చటను కనబడదు. బోధిశ్రీయను ఉపాసిక వ్రాయించిన ప్రాకృతశాసనము నా మనస్సును మరింత హరించినది. సింహళాచార్యులు ధర్మము బోధించిన దేశములను అది పేర్కొనుచున్నది: కాశ్మీరము, గాంధారము, చీనా, తోసలి, వంగము, వనవాసి, యవనము మున్నగునవి. యవనులనగా తొలుత గ్రీకులే. అయోనియా యను వారి సీమపేరే మన నోట యవనశబ్దమైనది. ఇచ్చటి శిల్పములలో గడ్డము పెంచి, కొమ్ముపాత్ర చేతబట్టిన పురుషు డొకడు కలడు. అతడు గ్రీకుల మద్యదేవతను పోలియున్నాడని పండితుల ఊహ. పల్నాటి రాతిపై అట్టి రూపము చెక్కిన శిల్పి యేమి చూచి చెక్కెనో!

నగరమును ముంచుట న్యాయమా యని కొందరడుగుదురు. నేను మెట్టసేద్యపు టింట పుట్టినవాడను. నాగలి పక్షమే పలుకుదును. కాని ఆ లోయజనులు ఇండ్లును, పొలములును విడిచి లేచిపోయినది పైర్లు పండుటకు. సాగరపు కుడికాలువ పల్నాటిలో ఎన్నో పొలములను తడిపినది. ఎత్తైన మా మెట్టలకు కాలువనీరు తనంత తానెక్కదు. 2023 నవంబరు 15న మాచర్లలో వరికపూడిశెల ఎత్తిపోతలకు పునాదిరాయి వేసిరి. లాంచిలో నా చుట్టు నంత నీరు కనబడినప్పుడు, మా యూరి చేలే కన్నులయెదుట మెదలినవి. మునిగినవారి ఋణము ఆ చేలు తడిసిననాడు గాని తీరదని నా తలంపు.

ద్వీపమున రాత్రి బస లేదు; తిరుగు లాంచి వేళ ముందే యడిగి తెలిసికొనుడు. గొడుగును, త్రాగునీరును వెంట నుండవలెను. తీరికయున్నవారు అనుపునకు కూడ పోవుడు. అచ్చటికి పడవ అక్కరలేదు. లోయనుండి తరలించిన ప్రేక్షాగారమును అచ్చట మరల కట్టియున్నారు. నడుమ చదునైన ఆవరణము, నలువైపుల మెట్లు. డేలోసు కొండవాలునను గ్రీకుల రంగశాల కలదందురు. నేను అనుపు మెట్లపై మధ్యాహ్నమంతయు కూర్చుంటిని. క్రింద నలుగురు పశులకాపరి పిల్లలు గోలీలాడుచుండిరి.