జబ్బు గొడ్డును చూడడం, మేపడం



మన పొన్నూరు ప్రాంతంలో మాగాణి వరి కోత కాగానే మినుము, పెసర వేస్తాము. మెట్టకు పోతే పత్తి, మిరప. ఏ పంట వేసినా చావిట్లో ఒక గేదె లేని రైతు తక్కువ. పంట దెబ్బతిన్న ఏడు ఇల్లు గడిపేది ఆ పాలే. అటువంటి గొడ్డు జబ్బుపడినప్పుడు డాక్టరుగారు వచ్చేలోగా మనం ఏమి చూడాలి, ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు అన్న సంగతులు ఈవేళ చెప్పదలిచాను. మందు నిర్ణయించడం డాక్టరుగారి పని. చూడడం, మేపడం మాత్రం మన పని.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. డిప్లమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరినుంచి ఒక పెద్దావిడ కబురు పంపింది. “బాబూ, గేదె ఈని రెండు రోజులైంది. పొద్దుటినుంచి లేవడం లేదు. పాలజ్వరమంటున్నారు.” జ్వరమన్న మాట పట్టుకుని, “తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండండి, సాయంత్రం వస్తాను” అన్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే గేదె చెవులు చల్లగా ఉన్నవి. మెడ డొక్కవైపు తిరిగిపోయి ఉన్నది. థర్మామీటరు పెడితే 98 డిగ్రీలు! జ్వరమే లేదు. వెంటనే డాక్టరుగారిని పిలిపించాము. ఆయన నరంలోకి కాల్షియం ఎక్కించారు. గేదె లేచి నిలబడింది. అందరం సంతోషించాము. కాని నేను వచ్చేలోగా ఇంట్లోవాళ్లు, నీరసంగా ఉన్నదని జాలిపడి, వెదురు గొట్టంతో గంజి పోశారు. మింగే శక్తిలేని గొడ్డుకు అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాలుగో రోజున గేదె చనిపోయింది.

ఆ పెద్దావిడ నన్ను ఒక్కమాట అనలేదు. దూడను చూపించి, “దీనికి పాలెలా పోయమంటావు బాబూ?” అని అడిగింది. ఆ మాట నేను మరువలేదు. కబురు అందగానే “చెవులు పట్టుకుని చూడండి, నోట ఏమీ పోయకండి” అని చెప్పి ఉంటే ఆ గేదె బతికేదే.

పాలజ్వరం పేరుకే జ్వరం. ఎక్కువ పాలిచ్చే గొడ్డు ఈనిన తరువాత మూడు రోజుల్లోపల, పాలలోకి పోయే సున్నపు ధాతువును ఒళ్లు వెంటనే పూడ్చుకోలేదు. రక్తంలో అది తగ్గి, కండరాలు పట్టు తప్పి, గొడ్డు కూలబడుతుంది. ఒళ్లు చల్లబడుతుంది. కాబట్టి పేరు విని నిర్ణయించకండి. చేతితో తాకి, థర్మామీటరుతో కొలిచి నిర్ణయించండి.

ఇక చూడడం ఎలాగో వరుసగా చెప్తాను.

మొదట దూరాన నిలబడి చూడండి. గొడ్డు మందలో కలిసి ఉన్నదా, విడిగా తల వేలాడేసి ఉన్నదా? చెవులు ఆడిస్తున్నదా? నెమరు వేస్తున్నదా? ఆరోగ్యంగా ఉన్న గొడ్డు రోజుకు ఆరేడు గంటలు నెమరు వేస్తుంది. నెమరు ఆగిందంటే ఏదో ఒకటి జరిగిందన్నమాటే. ముట్టె తడిగా ఉండాలి. ఎండిపోయి పగిలినట్లుంటే అనుమానించాలి.

తరువాత థర్మామీటరు. పాదరసం గలదైతే 95 కంటె కిందికి విదిలించి, కొనకు నూనె రాసి, చివర దారం కట్టి, మలద్వారంలో పెట్టి, లోపలి గోడకు ఆనించి రెండు నిమిషాలు ఉంచాలి. పేడ ముద్దలో గుచ్చితే లెక్క తప్పుతుంది. ఆవుకు 101 నుంచి 102.5 డిగ్రీల వరకు మామూలు. గేదెకు కొంచెం తక్కువ, 99 నుంచి 101.5 వరకు. ఎండలో నిలబడిన గేదెకు వేడి ఎక్కువ చూపుతుంది గనుక నీడలో గంటసేపు ఉంచి పెట్టండి.

ఊపిరి లెక్కకు డొక్క కదలిక చూడండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గొడ్డు నిమిషానికి 15 నుంచి 30 సార్లు పీలుస్తుంది. తోక మొదలుకు నాలుగంగుళాల కింద, అడుగువైపు వేళ్లు ఆనిస్తే నాడి తగులుతుంది. 50 నుంచి 80 మధ్య ఉంటే బెదరనక్కరలేదు. ఎడమ డొక్కలో పిడికిలి అదిమిపెట్టి ఉంచితే పొట్ట చేతిని తోస్తుంది. రెండు నిమిషాలలో రెండు మూడు సార్లు తోస్తే పొట్ట పని చేస్తున్నట్లు లెక్క.

కంటి కింది రెప్ప తిప్పి చూడండి. గులాబీ రంగు మంచిది. తెల్లగా పాలిపోతే రక్తం తక్కువ. జలగలు, పురుగులు, గోమార్లు కారణం కావచ్చు. పచ్చగా ఉంటే కార్జమో రక్తమో చెడినట్లు. మెడమీది తోలు చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మడత అలాగే నిలిస్తే ఒంట్లో నీరు తగ్గిపోయినది. మూత్రం కాఫీ రంగులో పడితే ఒక్కపూట కూడా ఆగవద్దు.

ఈ కొలతల విలువ ఎంతో ఒక ఉదాహరణతో చెప్తాను. మన కాలువల కింద గొంతు వాపు గల గేదెలు రెండు రకాలుగా కనిపిస్తవి. ఒకదానికి వాపు మెత్తగా, చల్లగా, వారాల తరబడి మెల్లగా వస్తుంది. జ్వరం ఉండదు. కంటిరెప్ప తెల్లబడి ఉంటుంది. అది సాధారణంగా కార్జపు జలగ వల్ల. నత్తలుండే మడుగుల దగ్గర మేసే గొడ్లకు వస్తుంది. రెండవదానికి వాపు వేడిగా, నొప్పిగా, కొద్ది గంటల్లోనే వస్తుంది. జ్వరం 105 దాటుతుంది. గురక పెడుతుంది. అది గొంతువాపు వ్యాధి. ఒక రోజులోనే ప్రాణం తీస్తుంది. మొదటిదానికి రేపు పిలిచినా ఫరవాలేదు. రెండవదానికి ఈ గంటలోనే డాక్టరు రావాలి. ఆ తేడా చెప్పేది థర్మామీటరే. గొంతువాపుకు వానలకు ముందే టీకా వేయించుకుంటే ఈ భయమే ఉండదు.

ఇప్పుడు మేత సంగతి.

ఒకటి: మింగలేని గొడ్డుకు, పడి మెడ వాల్చిన గొడ్డుకు నోట ఏదీ పోయవద్దు. గంజి వద్దు, కషాయం వద్దు, సారా అసలే వద్దు. డాక్టరుగారు తాగించమన్న మందైనా తల మరీ పైకెత్తకుండా, నాలుక లాగకుండా, కొద్దికొద్దిగా దవడ పక్కనుంచి పోయాలి. దగ్గితే వెంటనే తల వదిలేయాలి.

రెండు: బలానికని అన్నం, నూకల జావ బకెట్లతో పెట్టవద్దు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం తిని చచ్చిన గేదెలున్నవి. ఎక్కువ అన్నం పొట్టలో పులిసి ఆమ్లమవుతుంది. పొట్ట ఆగిపోతుంది, పుల్లని వాసనతో పారుతుంది, గొడ్డు తూలి పడుతుంది. పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డికి అలవాటుపడినవి. నాలుగు రోజులు పస్తున్న తరువాత వాటికి మొదట కావలసినది మంచి గడ్డి, నీళ్లు.

మూడు: మింగగలిగిన గొడ్డు ముందు శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉంచండి. గోరువెచ్చని నీళ్లలో కొంచెం ఉప్పు, బెల్లం కలిపి పెడితే ఇష్టంగా తాగుతుంది. తానై తాగాలి. మేత గుప్పెడు గుప్పెడుగా, రోజుకు ఐదారు సార్లు పెట్టండి. తినక వదిలింది తీసేసి కొత్తది వేయండి.

నాలుగు: వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. కోలుకునే గొడ్డుకు అది ఒక్కటే చాలదు. మన డెల్టాలో వరి మాగాణుల్లో చల్లే జనుము, పిల్లిపెసర ఇందుకు ఎంతో మంచివి. పూతమీద కోసి నీడన ఆరబెట్టి కొంత దాచుకోండి. బూజుపట్టిన వాముగడ్డి జబ్బు గొడ్డుకు పెట్టవద్దు. దాణా అరకిలోతో మొదలుపెట్టి, రెండు రోజులకొకసారి అరకిలో చొప్పున పెంచండి. ఖనిజ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు రోజూ దాణాలో కలపండి. గాలికుంటు వచ్చి నోరు పుండ్లైతే లేత పచ్చగడ్డి, పలుచని రాగిజావ కొద్దిగా ముందు పెట్టండి.

ఐదు: కూలబడిన గొడ్డు కింద మందంగా గడ్డి పరచి, మూడు నాలుగు గంటలకొకసారి ఇంకో పక్కకు తిప్పండి. ఒకే పక్కన ఉంచితే కాలి కండలు చచ్చి, జబ్బు నయమైనా లేవలేదు.

ఇక ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న. తల్లిలేని దూడకు దాని బరువులో పదోవంతు పాలు పోయాలి. 30 కిలోల దూడకు రోజుకు 3 లీటర్లు, మూడు పూటలుగా, గోరువెచ్చగా, వేళ తప్పకుండా. పుట్టిన రెండు గంటల్లోపల జున్నుపాలు పడాలి. తల్లివి లేకపోతే అదే రోజు ఈనిన ఇంకో గేదెవైనా తెచ్చి పట్టాలి. పారుడు పడితే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, ఐదారు చెంచాల చక్కెర కలిపి, పాల వేళలకు నడుమ పట్టాలి. పాలు పూర్తిగా మాన్పించవద్దు.

చివరగా ఒక మాట. చావిట్లో ఒక నోటుబుక్కు వేలాడదీయండి. గొడ్డు జబ్బుపడిన రోజునుంచి ఉదయం, సాయంత్రం జ్వరం, ఊపిరి, నెమరు, పేడ, తిన్న మేత, తాగిన నీళ్లు రాయండి. మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి గాని, సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు గాని ఫోను చేసినప్పుడు “గేదెకు బాగాలేదు” అని ఊరుకోక, “ఈని రెండు రోజులు, జ్వరం 98, లేవడం లేదు” అని చెప్పండి. వినేవాడు నావంటి కొత్తవాడైనా అప్పుడు పొరపడడు.

గొడ్ల పెద్దజాడ్యమైన రిండర్‌పెస్ట్ ఒకనాడు ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసేది. 2006లో మన దేశం, 2011లో ప్రపంచమంతా దానినుంచి విముక్తి పొందినట్లు ప్రకటించారు. టీకాతోబాటు, జబ్బు కనిపించగానే కబురు చెప్పిన మనుషులవల్ల కూడా అది సాధ్యమైంది. ఆ కబురు చెప్పేవాడు ప్రతి చావిట్లోనూ ఉండాలి. ఈ వారంలోనే ఒక థర్మామీటరు కొనండి. మంచిగా ఉన్న గేదెకే నాలుగు రోజులు పెట్టి చూడండి. దాని మామూలు లెక్క మీకు తెలిసి ఉంటే, తేడా వచ్చిన రోజున అదే మీకు చెబుతుంది.