‘నిన్న’ అంటే ‘హ్యావ్’ వద్దు

గుడ్లవల్లేరు పాలిటెక్నిక్‌లోనూ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదువుకుంటూ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారవుతున్న పిల్లలకు ఈ నాలుగు మాటలు. ఇంగ్లీషులో మనవాళ్ళు ఎక్కువగా తడబడేది జరిగిపోయిన సంగతి చెప్పేటప్పుడే.

‘నిన్న బందరు వెళ్ళాను’, ‘బందరు చాలాసార్లు వెళ్ళాను’. తెలుగులో రెండుచోట్లా ‘వెళ్ళాను’ సరిపోతుంది. ఇంగ్లీషులో సరిపోదు. ఎప్పుడు వెళ్ళిందీ చెబితే ‘ఐ వెంట్ టు బందర్ యెస్టర్‌డే’ అనాలి. ఎప్పుడన్నది చెప్పకుండా ఇప్పటిదాకా ఎన్నిసార్లు వెళ్ళారో చెబితే ‘ఐ హ్యావ్ బీన్ టు బందర్ మెనీ టైమ్స్’. కాబట్టి ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు. నిన్న, పోయిన వారం, 2019లో అంటూ గడిచిన కాలం పేరు పెట్టి చెప్పారా, అక్కడ ‘హ్యావ్’ పనికిరాదు.

రెండో తప్పు ‘ఐ డిడ్ నాట్ వెంట్’. దీనికి మందు మన తెలుగులోనే ఉంది. ‘వెళ్ళాను’ అన్నదాన్ని కాదనాలంటే ‘వెళ్ళలేదు’ అంటాం. ‘వెళ్ళానులేదు’ అని ఎవరూ అనరు. జరిగిన కాలాన్ని ‘లేదు’ చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని ‘డిడ్’ చేస్తుంది. అది వచ్చాక గో, కమ్, సీ అన్న మూలరూపాలే వాడాలి. ప్రశ్నలోనూ అంతే: ‘డిడ్ యు గో?’

‘హ్యాడ్’ని కూడా ఊరికే తగిలించకండి. గుడివాడ స్టేషనుకు మీరు చేరేసరికే రైలు వెళ్ళిపోయిందనుకోండి. రెండింటిలో ముందు జరిగినది రైలు వెళ్ళడం. దానికే హ్యాడ్: ‘ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ ఐ రీచ్‌డ్ ద స్టేషన్’. ఒక్క సంగతే చెబుతుంటే హ్యాడ్ అక్కర్లేదు.

ఇక ఒకేలా వినిపించే జంటలు. పోయిన పుస్తకం దొరికితే ‘ఐ ఫౌండ్ ఇట్’. స్థాపించడమైతే ‘ఫౌండెడ్’. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టాడు, అదే నోబుల్ కాలేజీగా ఎదిగింది. ఆయన గురించి ‘నోబుల్ ఫౌండెడ్ ద స్కూల్’ అనాలి. పడితే ‘ఫెల్’, అనిపిస్తే ‘ఫెల్ట్’. నడుం వాలిస్తే ‘ఐ లే డౌన్’, పుస్తకం బల్లమీద పెడితే ‘ఐ లెయిడ్ ద బుక్ ఆన్ ద టేబుల్’.

క్రియాపదాల పట్టిక బట్టీ పట్టి ఊరుకోకండి. రోజూ రాత్రి, ఆనాడు జరిగినవాటిని ఐదు వాక్యాల్లో పైకి చెప్పండి. ప్రతి వాక్యంలోనూ ఎప్పుడు జరిగిందో చెప్పండి. తప్పు దొర్లుతుందని భయపడి మాట్లాడటం మాత్రం మానకండి.